గాబరోన్ నుంచి విక్టోరియా జలపాతం దాకా కారులో: కాగితాలూ చీకటీ

(బోట్స్వానాలో ఉంటున్న తెలుగు కుటుంబాల కోసం, జూలై సెలవుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లలు వెనక ఆడుకుంటున్నారు, ఆడుకోనివ్వండి. మైకు ఉందిగా, వినపడుతుంది.

జూలైలో ప్రెసిడెంట్స్ డే సెలవులు వచ్చాయంటే మనవాళ్ళలో చాలామంది కారెక్కి ఉత్తరానికి బయల్దేరతారు. ఉత్తర సరిహద్దులో చోబే పార్కు పక్కనున్న కసానేలో రెండు రాత్రులు, అక్కణ్ణుంచి విక్టోరియా ఫాల్స్, మళ్ళీ ఇంటికి. వెళ్ళేముందు అందరూ అడిగేది సింహాల గురించి, మొసళ్ళ గురించి. వాటి గురించి చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. ఈ ప్రయాణాల్ని నిజంగా చెడగొట్టేవి రెండే. ఒకటి కాగితం, రెండోది చీకటి. ఇవాళ ఎక్కువసేపు ఆ రెండింటి గురించే మాట్లాడతాను.

ముందు చీకటి సంగతి. గాబరోన్ నుంచి కసానే సుమారు 920 కిలోమీటర్లు. ఫ్రాన్సిస్‌టౌన్ దాకా 430, అక్కణ్ణుంచి నాటా 190, నాటా నుంచి కసానే 300. రోడ్డు మీద 120 వేగానికి అనుమతి ఉంది కదా, ఎనిమిది గంటల్లో కొట్టేస్తామని లెక్కేస్తారు. ఆ లెక్క తప్పు. ఊరు వచ్చినప్పుడల్లా 80, తర్వాత 60. మహలాపే, పలాపే లాంటి చోట్ల ఆ 60 చాలా దూరం సాగుతుంది. పోలీసులు రాడార్ పట్టుకుని చెట్టు నీడన కూర్చునేది సరిగ్గా అక్కడే. ఊరు అయిపోయినట్టు కనిపించినా బోర్డు కనిపించేదాకా కాలు నొక్కకండి. అన్నీ కలుపుకుంటే సగటున గంటకు 85 దాటదు. అంటే ఆగకుండా నడిపినా దాదాపు 11 గంటలు.

ఇప్పుడు పగలు ఎంతుందో చూడండి. మనం భూమధ్యరేఖకు కింద ఉన్నాం, జూలై ఇక్కడ నడి చలికాలం. ఉదయం ఏడు దగ్గర తెల్లారుతుంది, సాయంత్రం అయిదూ నలభైకి పొద్దు గుంకుతుంది. పదిన్నర గంటల వెలుతురు. పదకొండు గంటల ప్రయాణం అందులో పట్టదు. మధ్యలో టిఫినుకు, పెట్రోలుకు, పిల్లలకు ఆగే సమయం కలిపితే అసలే పట్టదు. అందుకని తెల్లవారుజామున మూడింటికే బయల్దేరతామంటారు కొందరు. అదీ చీకటే కదండీ. సాయంత్రం చీకటి కన్నా అది ఇంకా చెడ్డది, ఎందుకంటే నిద్ర కూడా తోడవుతుంది.

ఈ దారిలో చీకటి ఎందుకంత ప్రమాదమంటే, ఇక్కడ పశువులకు కాపరి ఉండడు. ఊరి పక్క కంచె విరిగిన చోటల్లా బయటికి వస్తాయి. చలికాలంలో ఇంకో ఇబ్బంది. పగలంతా ఎండకు కాగిన తారు రాత్రి వెచ్చగా ఉంటుంది, గాడిదలు వచ్చి దాని మీదే నిలబడతాయి. బూడిద రంగు గాడిద, బూడిద రంగు తారు. ఎదురుగా లారీ లైట్లు కళ్ళల్లో పడ్డాయంటే పది మీటర్ల దూరంలో ఉన్నదీ కనపడదు. మేక హారన్ కొడితే తప్పుకుంటుంది. ఆవు దాటిందంటే వెనక దూడ ఉందనుకోవాలి. గాడిద మాత్రం ఎంత హారన్ కొట్టినా కదలదు, దానికోసం మనమే ఆగాలి. ఒకవేళ పశువును గుద్దితే, ఎంత చిన్న దెబ్బైనా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో రిపోర్టు రాయించండి. ఆ కాగితం లేకపోతే బీమా కంపెనీ క్లెయిము తీసుకోదు.

కాబట్టి నా సలహా, మొదటి రోజు నాటాలో ఆపేయండి. ఏడింటికి బయల్దేరితే 620 కిలోమీటర్లు, మధ్యలో రెండు చోట్ల ఆగినా నాలుగున్నరకు చేరతారు. రెండో రోజు నాటా నుంచి కసానే నాలుగు గంటల లోపే. ఫ్రాన్సిస్‌టౌన్‌లో ఆగినా తప్పు లేదు, హోటళ్ళు అక్కడే ఎక్కువ. కానీ సెలవుల్లో ముందే బుక్ చేసుకోకపోతే రెండు చోట్లా గది దొరకదు. గది దొరక్కపోతే ఏం చేస్తారు? "ఇంకో మూడొందలే కదా" అని చీకట్లో బయల్దేరతారు.

ఏ1 రోడ్డు మీద మహలాపేకి ముందు మకరరేఖ బోర్డు వస్తుంది, పిల్లలకు చూపించండి. ఇంకోటి కూడా చెప్పండి. మన గాబరోన్ కుళాయిల్లో వచ్చే నీళ్ళలో చాలా భాగం ఈ రోడ్డు పక్కనే పైపులో వస్తోంది. ఉత్తరాన లెట్సిబోగో డ్యామ్ నుంచి 360 కిలోమీటర్ల పైపులైను వేశారు. 2015లో గాబరోన్ డ్యామ్ అడుగంటినప్పుడు ఊరు బతికింది దాని మీదే. 2017లో డినియో తుఫాను వానలకు గాబరోన్ డ్యామ్ మళ్ళీ నిండి పొర్లింది. మనలో చాలామంది ఇళ్ళలో జోజో నీళ్ళ ట్యాంకులు పెట్టుకున్నది ఆ కరువు చూసే. అన్నట్టు, బయల్దేరేముందు ఆ ట్యాంకు నింపండి, గీజర్ ఆపండి, ప్రీపెయిడ్ మీటర్లో యూనిట్లు చూసుకోండి. వారం తర్వాత ఇంటికొచ్చేసరికి యూనిట్లు అయిపోయి, ఫ్రీజర్లోవన్నీ కుళ్ళి కూర్చునే ఇళ్ళు ప్రతి సెలవులకూ ఉంటాయి.

నాటా దాటాక దారి మారుతుంది. పశువులు తగ్గుతాయి, ఏనుగులు మొదలవుతాయి. దేశంలో లక్షా ముప్ఫై వేల దాకా ఏనుగులున్నాయని అంచనా, అందులో ఎక్కువ భాగం ఉత్తరానే. ఈ 300 కిలోమీటర్లకు కంచె లేదు. పగటిపూట వేగం 100 దాటనివ్వకండి. ఏనుగు రోడ్డు దాటుతుంటే వంద మీటర్ల దూరంలో ఆగండి. హారన్ కొట్టొద్దు, లైట్లు కొట్టొద్దు, ఇంజన్ ఆపొద్దు. ఒకటి దాటింది కదాని కదలొద్దు. పొదల్లో ఇంకా ఎన్నున్నాయో తెలియదు, తల్లికీ పిల్లకీ మధ్యలోకి కారు పోనివ్వడమే అసలు ప్రమాదం. చెవులు విప్పి తల ఎత్తి మీ వైపు తిరిగిందంటే మెల్లిగా వెనక్కి పోవాలి. అందుకే మీ వెనక కారుకూ మీకూ మధ్య ఖాళీ ఉండాలి. అంతా కలిసి బంపర్లు ఆనించి ఫోటోలు తీస్తుంటే వెనక్కి పోవడానికి చోటెక్కడిది?

ఫ్రాన్సిస్‌టౌన్‌లో ట్యాంకు నింపి, నాటాలో మళ్ళీ నింపండి. మధ్యలో పండమతెంగాలో బంకు ఉంది కానీ దాని మీద లెక్క పెట్టుకోకండి. ఇప్పటి డీజిల్ కార్లకు 50 పీపీఎమ్ డీజిలే పోయించాలి. అటెండెంటు వచ్చి పోస్తాడు కదా, నాజిల్ పెట్టకముందే 50 అని చెప్పాలి. 500 పీపీఎమ్‌లో గంధకం ఎక్కువ, అలవాటుగా పోయిస్తే ఎగ్జాస్ట్ ఫిల్టరు పాడవుతుంది. పండమతెంగా దగ్గర కాసేపు బయటికి చూడండి. కనుచూపు మేర నల్లరేగడి, అందులో జొన్న చేలు. కర్నూలు నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చినవాళ్ళకు అక్కడ ఏదో తెలిసిన ఊరికి వచ్చినట్టుంటుంది.

వానాకాలం అయ్యాక కొన్ని చోట్ల గుంతలుంటాయి. గుంత తప్పించలేకపోతే దాని ముందు దాకా బ్రేకు వేయండి, గుంతలో పడేముందు బ్రేకు వదిలేయండి. బ్రేకు మీద కాలుంటే బరువంతా ముందు చక్రాల మీదికి ఒరుగుతుంది, స్ప్రింగు అప్పటికే కుంగిపోయి ఉంటుంది, రిమ్ము వంగుతుంది. టైర్ల గాలి ఇంటి దగ్గర, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడండి. డ్రైవరు తలుపు ఫ్రేము మీద అంటించిన చీటీలో నిండు బరువుకు వేరే అంకె ఉంటుంది. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను ఉంటే ఆ అంకె చూడాలి.

ఇప్పుడు దుక్వీ. ఫ్రాన్సిస్‌టౌన్‌కీ నాటాకీ మధ్య పశువైద్య శాఖవాళ్ళ కంచె, గేటు ఉంటాయి. గాళ్ళ జబ్బు, అదే గాలికుంటు, అడవి దున్నల నుంచి పశువులకు అంటుకోకుండా కట్టినవి. ఈ దేశం యూరప్‌కు గొడ్డు మాంసం ఎగుమతి చేస్తుంది, అందుకే ఇక్కడ నియమం గట్టిగా ఉంటుంది. ఉత్తరానికి పోయేటప్పుడు పెద్దగా అడగరు. తిరిగి వచ్చేటప్పుడు పచ్చి మాంసం, కాచని పాలు ఉంటే తీసేసుకుంటారు. కారు చక్రాలు మందు నీళ్ళలోంచి పోవాలి, మీరు దిగి తడి చాప మీద నడవాలి. డిక్కీలో ఉన్న మిగతా చెప్పులు, బూట్లు కూడా తడపమంటారు. అవన్నీ ఒకే సంచీలో పైన పెట్టుకుంటే రెండు నిమిషాల పని, సూట్‌కేసులో అడుగున పెడితే అరగంట.

(ముందు వరసలోంచి ఒక ప్రశ్న.) పెరుగు? పెరుగన్నం లేకుండా ఎలా అంటున్నారు అమ్మ. (నవ్వులు.) దుకాణంలో కొన్న సీలు డబ్బా పెరుగుతో మామూలు రోజుల్లో ఇబ్బంది లేదమ్మా. వ్యాధి బయటపడిన రోజుల్లో కట్టుదిట్టం పెరుగుతుంది, అప్పుడు గేటు దగ్గర ఏం చెబితే అది. దారికి పులిహోర మేలు. చింతపండు బాగా పట్టించి, ఉల్లిపాయ వేయకుండా చేస్తే ఈ చలికి రెండో రోజు మధ్యాహ్నం దాకా ఉంటుంది. దేశం దాటేటప్పుడు మాత్రం పళ్ళు, కూరగాయలు కారులో ఉంచుకోవద్దు. ఇంట్లో కొట్టుకున్న కందిపొడి, కారప్పొడి పేరు లేని ప్లాస్టిక్ సంచుల్లో పెట్టుకుంటే ప్రతి కౌంటర్లో వివరణ ఇచ్చుకోవాలి. వాటిని కసానే గదిలోనే వదిలేసి గేటు దాటండి.

ఇక కాగితాలు. ఇది కాస్త పెద్దది, నెమ్మదిగా వినండి.

మనం వెళ్ళేది జింబాబ్వే వైపు జలపాతానికి. కసానే పక్కన కజుంగులలో జింబాబ్వే గేటు ఉంది, దాటాక 70 కిలోమీటర్లలో విక్టోరియా ఫాల్స్ ఊరు. అదే కజుంగులలో 2021 మేలో తెరిచిన పెద్ద వంతెన ఉంది, 923 మీటర్లది. అది ఎక్కితే జాంబియా, అటు లివింగ్‌స్టన్ 60 కిలోమీటర్లు. ఆ వంతెన వంకరగా ఉంటుంది చూడండి, జింబాబ్వే భూమి మీదికి పోకుండా ఒంపు తిప్పి కట్టారు. ఇదివరకు అక్కడ పంటు పడవే గతి, లారీలు రోజుల తరబడి ఆగేవి.

భారతీయ పాస్‌పోర్టుకు జింబాబ్వే వీసా గేటు దగ్గరే ఇస్తారు. రెండు వైపుల నుంచీ జలపాతం చూడాలనుకుంటే కాజా యూనివీసా అడగండి, మనిషికి 50 డాలర్లు. 30 రోజుల పాటు జింబాబ్వే, జాంబియాల మధ్య ఎన్నిసార్లైనా తిరగొచ్చు. పొద్దున బోట్స్వానాకు వచ్చి సాయంత్రం వెనక్కి పోవడానికీ పనికొస్తుంది. బోట్స్వానాలో రాత్రి పడుకున్నారో, ఆ వీసా అక్కడితో సరి. ఒక్కోసారి గేటు దగ్గర స్టిక్కర్లు అయిపోతాయి, అప్పుడు మామూలు జింబాబ్వే వీసా ఇస్తారు. డాలర్లు నోట్ల రూపంలోనే, చిరుగు లేనివి పట్టుకెళ్ళండి. అంచు చిరిగినా, సిరా పడినా తీసుకోరు. ఒకటి, అయిదు డాలర్ల నోట్లు చాలా ఉంచుకోండి, చిల్లర దొరకదు. 2024 ఏప్రిల్ నుంచి వాళ్ళకు జిగ్ అనే కొత్త కరెన్సీ ఉంది కానీ ప్రయాణీకుడి లావాదేవీలన్నీ డాలర్లలోనే నడుస్తాయి.

ఇప్పుడు అసలు చిక్కు. మీకు ఇక్కడ రెసిడెన్స్ పర్మిట్ ఉంది, వెళ్తారు, వస్తారు. కానీ గుంటూరు నుంచో వరంగల్ నుంచో అమ్మానాన్న వచ్చి ఉంటారు కదా, వాళ్ళను వదిలేసి వెళ్ళం కదా. వాళ్ళది విజిటర్ వీసా. అది సింగిల్ ఎంట్రీ అయితే, జింబాబ్వే గేటు దాటిన క్షణమే అయిపోయింది. సాయంత్రం తిరిగొస్తే ఇటు కౌంటర్లో రానివ్వరు. పెద్దవాళ్ళిద్దరూ రెండు గేట్ల మధ్య నిలబడిపోతారు, కొత్త వీసా గంటలో రాదు. అందుకని వాళ్ళను ఇండియా నుంచి పిలిపించేటప్పుడే, అప్లికేషన్ పెట్టే రోజే, మల్టిపుల్ ఎంట్రీ అడగాలి. కారణం రాసే చోట విక్టోరియా ఫాల్స్ వెళ్ళి వస్తారని స్పష్టంగా రాయాలి. వీసా కాగితం ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్ళు ఇంటికెళ్ళగానే ఆ ఒక్క గడి చూడండి. సింగిల్ అని ఉంటే వాళ్ళను కసానే దాకా తీసుకెళ్ళండి, చోబే నదిలో పడవ ఎక్కించండి, గేటు మాత్రం దాటించొద్దు.

పిల్లల సంగతి. 18 ఏళ్ళలోపు పిల్లలకు తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న జనన ధ్రువపత్రం కావాలి. బోట్స్వానాలో ఇది 2016 నుంచి ఉంది, దక్షిణాఫ్రికా అంతకు ముందు ఏడాదే మొదలుపెట్టింది. ఇద్దరిలో ఒకరే వెంట ఉంటే రెండోవారి అఫిడవిట్, వాళ్ళ పాస్‌పోర్టు కాపీ. మన తెలుగువాళ్ళకు ఇక్కడ ఇంకో తలనొప్పి, పేర్లు. ధ్రువపత్రంలో తండ్రి పేరు "కె. శ్రీనివాసరావు" అని ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విప్పి ఒక గడిలో, శ్రీనివాసరావు ఇంకో గడిలో. తల్లి పేరు ధ్రువపత్రంలో పుట్టింటి ఇంటిపేరుతో, పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరుతో. మనకు చూడగానే తెలుస్తుంది ఒకరేనని. కౌంటర్లో కూర్చున్న ఆవిడకు తెలియాలని లేదు, పైగా ఆవిడ వెతికేది సరిగ్గా అలాంటి తేడానే. రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ రాసి, పోలీస్ స్టేషన్‌లో కమిషనర్ ఆఫ్ ఓత్స్ దగ్గర సంతకం, ముద్ర వేయించుకోండి. కాపీలను కూడా అక్కడే సర్టిఫై చేస్తారు. మూడు నెలలు దాటిన ముద్రను చాలా కౌంటర్లు ఒప్పుకోవు, అందుకని ప్రతి ప్రయాణానికీ కొత్తగా వేయించుకోవడమే తేలిక. ఊళ్ళో పంచాయతీ ఇచ్చిన చేతిరాత తెలుగు పత్రం ఉన్నవాళ్ళు, ఇండియా వెళ్ళినప్పుడు ఇంగ్లీషులో కొత్తది తీసుకోండి.

పాస్‌పోర్టు పేజీలు లెక్కపెట్టుకోండి. ఇక్కణ్ణుంచి జింబాబ్వే, అక్కణ్ణుంచి జాంబియా, మళ్ళీ ఇక్కడికి, అంటే ఆరు ముద్రలు, ఒక వీసా స్టిక్కరు. జొహన్నెస్‌బర్గ్ నుంచి వచ్చేవాళ్ళకైతే పది ముద్రలు. ముద్ర వేసేవాళ్ళు ఖాళీ మూల చూసి వేయరు, కొత్త పేజీ తిప్పి మధ్యలో వేస్తారు. 36 పేజీల పుస్తకం ఇక్కడ నాలుగేళ్ళకే నిండిపోతుంది. రెన్యువల్ చేయించేటప్పుడు 60 పేజీల జంబో బుక్‌లెట్ అడగండి.

ఇక కారు కాగితాలు. కారును జింబాబ్వేలోకి తీసుకెళ్ళాలంటే రిజిస్ట్రేషన్ బ్లూబుక్, లోను ఉంటే దేశం దాటించడానికి బ్యాంకు ఇచ్చిన లెటర్, కంపెనీ కారైతే కంపెనీ లెటర్, ఇంకొకరి పేరున ఉంటే వాళ్ళ అఫిడవిట్. గేటు దగ్గర తాత్కాలిక దిగుమతి పర్మిట్, ఇంజన్ సైజును బట్టి కార్బన్ ట్యాక్స్, రోడ్డు ఫీజు, వాళ్ళ థర్డ్ పార్టీ బీమా. కారులో రెండు ట్రయాంగిళ్ళు, మంటలార్పే సిలిండర్, పనిచేసే స్టెప్నీ, జాకీ, స్పానర్ ఉండాలి. అన్నీ ఉన్నా ఒక్కో కాగితం ఒక్కో కిటికీ దగ్గర, సెలవుల్లో రెండు మూడు గంటలు పోతుంది. గేటు బయట "నేను చేయించి పెడతా సార్" అని వచ్చేవాళ్ళకు పాస్‌పోర్టు ఇవ్వకండి. వరస నెమ్మదిగా కదులుతుంది, కానీ కదులుతుంది.

నన్నడిగితే ఈ తతంగమే వద్దు. కారు కసానే లాడ్జిలో పెట్టండి. పొద్దున ఏడున్నరకు ట్రాన్స్‌ఫర్ వ్యాను ఎక్కండి. వ్యాను మిమ్మల్ని గేటు దాకా తెచ్చి దింపుతుంది, మీరు నడిచి ముద్రలు వేయించుకుంటారు, అటువైపు జింబాబ్వే వ్యాను ఎక్కుతారు. రెండు గంటల్లో జలపాతం దగ్గర ఉంటారు, సాయంత్రానికి వెనక్కి. బ్లూబుక్ లేదు, కార్బన్ ట్యాక్స్ లేదు, చీకటి పడుతుందన్న కంగారు లేదు. జాంబెజి ఒడ్డున ఒకట్రెండు రాత్రులు ఉండాలనుకునేవాళ్ళు, ఆపైన హ్వాంగే అడవికి పోయేవాళ్ళు మాత్రమే కారు తీసుకెళ్ళడంలో అర్థం ఉంది.

జలపాతం గురించి ఒకటే మాట. 1,708 మీటర్ల వెడల్పు, 108 మీటర్ల లోతు. ఏప్రిల్‌లో నీళ్ళు ఎంత ఎక్కువంటే తుంపర తప్ప ఏమీ కనపడదు. అక్టోబర్, నవంబర్‌లలో జాంబియా వైపు రాతి గోడే మిగులుతుంది. జూలై మధ్యస్థం, తడుస్తారు, కనపడుతుంది కూడా. ఫోను ప్లాస్టిక్ సంచీలో పెట్టుకోండి. 1905లో కట్టిన రైలు వంతెన మీద నడవాలంటే జింబాబ్వే గేటు దగ్గర బ్రిడ్జి పాస్ అడిగితే ఇస్తారు, నీళ్ళకు 128 మీటర్ల ఎత్తున నిలబడతారు.

ఇప్పుడు మలేరియా. గాబరోన్‌లో లేదు కాబట్టి మనం మరిచిపోతాం. కసానేలో ఉంది, జలపాతం దగ్గరా ఉంది. వానాకాలంలో ఎక్కువ, జూలైలో తక్కువ. తక్కువ అంటే లేదని కాదు. మన మైదానాల్లో వైవాక్స్ మలేరియా వచ్చి పోయినవాళ్ళు, "ఆ, నాలుగు రోజుల జ్వరమే కదా" అంటారు. ఇక్కడిది ఎక్కువగా ఫాల్సిపేరమ్, మన మన్యంలో ప్రాణాలు తీసే రకం. మెదడుకు ఎక్కడానికి ఒకటి రెండు రోజులు చాలు. క్లోరోక్విన్ దీనికి పనిచేయదు, ఇండియా నుంచి తెచ్చుకున్న ఆ మాత్రలు పక్కన పెట్టండి.

డాక్టరును అడిగి ముందు మందు వేసుకోండి. డాక్సీసైక్లిన్ అయితే రోజుకు 100 మిల్లీగ్రాములు, వెళ్ళే ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక నాలుగు వారాల దాకా. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరు. ఖాళీ కడుపున వేసుకుంటే మంట, ఎండలో చర్మం కమిలిపోతుంది. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే వచ్చాక ఏడు రోజులు చాలు, పిల్లలకు బరువును బట్టి ఇస్తారు, ఖరీదు మాత్రం ఎక్కువ. చాలామంది చేసే తప్పు ఏమిటంటే ఇంటికి రాగానే మాత్ర ఆపేయడం. డాక్సీ కాలేయంలో ఉన్న పరాన్నజీవిని చంపలేదు, అది రక్తంలోకి వచ్చాకే పట్టుకుంటుంది. అది బయటికి వచ్చేదాకా మందు నడవాలి, నాలుగు వారాలు అందుకే.

దోమ కుట్టిన ఏడు రోజుల లోపు జ్వరం రాదు. సాధారణంగా పది, పద్నాలుగు రోజులకు వస్తుంది. అప్పటికి మీరు ఆఫీసులో ఉంటారు, లేదా అమ్మానాన్న హైదరాబాద్ చేరి ఉంటారు. అక్కడ డాక్టరు డెంగీ పరీక్ష రాస్తారు. "చోబే వెళ్ళొచ్చాం, ఫలానా తేదీన" అని మీరే ముందు చెప్పాలి, ఆ రోజే మలేరియా పరీక్ష చేయించాలి. నెగటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్ళీ.

మందుల పెట్టెలో ఇంకో జాగ్రత్త, వంతెన దాటి జాంబియా పోయేవాళ్ళకు. కోడీన్ ఉన్న మాత్రలు, దగ్గు సిరప్పులు అక్కడ నేరం కింద వస్తాయి. డైఫెన్‌హైడ్రమిన్ కూడా అంతే, మనం అలర్జీకీ దగ్గుకూ మామూలుగా వాడేదే. సీసా వెనక చదివి, ఉంటే ఇంట్లో వదిలేయండి. రోజూ వాడే బీపీ, షుగర్ మందులకు డాక్టరు చీటీ వెంట ఉంచుకోండి.

(ప్రశ్న: చోబే పార్కులోకి సొంత కారుతో వెళ్ళొచ్చా?)

ఫోర్ బై ఫోర్ అయితేనే వెళ్ళండి. నది ఒడ్డున మెత్తటి ఇసుక, చిన్న కారు వంద మీటర్లు పోదు. ఇసుకలో దిగకముందే టైర్ల గాలి 1.4 బార్‌కు దించండి. టైరు చదునై నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది, బరువు పంచుకుంటుంది. కూరుకుపోతే యాక్సిలరేటర్ తొక్కకండి, చక్రం తిరిగినకొద్దీ గొయ్యి తవ్వుతుంది. వచ్చిన గాడిలోనే వెనక్కి తీసి, మళ్ళీ నెమ్మదిగా. తారు రోడ్డు ఎక్కేముందు కంప్రెసర్‌తో గాలి నింపాలి, లేదంటే టైరు పక్కగోడ వేడెక్కి పేలుతుంది. ఎండిన గడ్డి మధ్యలో నడిపినప్పుడు ప్రతి గంటకూ కారు కింద చూడండి. ఎగ్జాస్టు దగ్గర గడ్డి ఇరుక్కుంటే అంటుకుంటుంది, ఏటా కార్లు కాలిపోయేది ఇలాగే. ఇంత శ్రమ ఎందుకనుకుంటే మూడింటి పడవ ఎక్కండి. ఏనుగులు నీళ్ళు దాటడం కనిపించేది పడవ నుంచే. మధ్యలో సెడుడు దీవి మీద బోట్స్వానా జెండా చూస్తారు. నమీబియాతో తగవు అంతర్జాతీయ న్యాయస్థానం దాకా పోయి 1999లో తేలింది, ఇప్పుడు అక్కడ అడవి దున్నలు మేస్తున్నాయి. (నవ్వులు.)

(ప్రశ్న: మా అత్తగారూ మామగారూ ఆగస్టులో ఆడిస్ అబాబా మీదుగా వస్తున్నారు. ఎల్లో ఫీవర్ టీకా కావాలా?)

మంచి ప్రశ్న అడిగారమ్మా. ఇథియోపియా, కెన్యా రెండూ ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో ఉన్నాయి. వాళ్ళు జొహన్నెస్‌బర్గ్ మీదుగా వస్తే, దక్షిణాఫ్రికా నియమం ప్రకారం ఆ దేశాల విమానాశ్రయంలో 12 గంటలకు మించి ఆగితే సర్టిఫికెట్ చూపించాలి. టికెట్టులో ఆగే సమయం ఆరు గంటలే ఉన్నా, విమానం ఆలస్యమై రాత్రి హోటల్లో పెడితే పన్నెండు దాటిపోతుంది. అందుకని వేయించుకుంటేనే మంచిది, 60 దాటినవాళ్ళు మాత్రం ముందు డాక్టరుతో మాట్లాడాలి, ఆ వయసులో దుష్ప్రభావాలు కాస్త ఎక్కువ. డాక్టరు వద్దంటే ఆ మాట రాసిన మినహాయింపు పత్రం తీసుకోవాలి. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది, ప్రయాణానికి రెండు వారాల ముందే పని కానివ్వండి. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చాలు. ఇండియాకు తిరిగి వెళ్ళేటప్పుడు అక్కడా అడగొచ్చు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్ళకుంది. ఆ సర్టిఫికెట్ ఉన్న పసుపు రంగు పుస్తకాన్ని చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వకండి, పాస్‌పోర్టుకు రబ్బరు బ్యాండు వేసి చేతి సంచీలో ఉంచమనండి.